వెనక్కి చాచిన చెయ్యి

జక్కయ్య మేస్టారు పలాసలో తన ఇంటి అరుగు మీదే ఇంగ్లీషు ట్యూషన్ చెబుతారు. ఎవరొచ్చినా, ఎక్కడున్నా, ఎప్పుడెళ్లినా లాంటి మాటలతో పెద్ద వాక్యాలు కట్టడం నేర్పేటప్పుడు పదేళ్లుగా ఆయన ఇంగ్లీషులో రాసే ఉదాహరణ ఒకటే: ‘నయోమి ఎప్పుడొచ్చినా టీ తెస్తుంది.’ రాస్తూనే, బోర్డు మీంచి చూపు తిప్పకుండా చెయ్యి వెనక్కి చాచేవారు. గుమ్మంలోంచి భార్య నయోమి గ్లాసు అందించేది. పిల్లలు నవ్వేవారు. కిడ్నీ జబ్బుతో పోయిన ఆమెను సమాధి చేసిన నాలుగోరోజు కూడా అదే వాక్యం రాశారు.

“పేరు మార్సీమంటారా మేస్టారూ?” అంది జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేసి ట్యూషన్‌కొచ్చే భారతి.

“ఎందుకమ్మా? రాసుకోండి,” అన్నారు మామూలుగానే. చెయ్యి వెనక్కి వెళ్లి అక్కడే ఉండిపోయింది. ఏం చెయ్యాలో తోచక భారతి అందులో డస్టర్ పెట్టింది. ఆయన చూడకుండానే దాన్ని పెదాల దాకా తెచ్చుకుని ఆగారు. తర్వాత బోర్డు తుడిచి, రెండో వాక్యం మొదలుపెట్టారు.