రూతమ్మ ఆంటీ ఎర్ర బండి

జనక్‌పురి సిగ్నల్ దగ్గర ఎండలో ఆగినప్పుడు నా బండి ఇంజను వేడి మోకాళ్ళకు తగులుతుంది. కాలిన నూనె, వేడెక్కిన రబ్బరు కలిసిన వాసన పైకి లేస్తుంది. చుట్టూ ఎన్ని హారన్లు మోగుతున్నా నాకప్పుడు రూతమ్మ ఆంటీ గొంతే వినిపిస్తుంది: "చేతులు వదులు చెయ్యవే."

ఆంటీ మా పై అంతస్తులో అద్దెకుండేది. తెనాలి వైపు మనిషి, ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. నలభై దాటాక ఎర్రటి స్పోర్ట్స్ బైక్ కొనుక్కుంది. ఆదివారం తోలు జాకెట్‌లో చర్చికి వచ్చి, సంచిలోంచి తెల్లచీర తీసి వెనకగదిలో మార్చుకుని, పాటల బృందంలో అందరికంటే ముందు నిలబడేది. ఒకసారి సంఘపెద్ద ఒకాయన, "ఈ వయసులో ఈ సర్కస్ ఏమిటి సిస్టర్?" అన్నాడు. "మీ ప్రార్థన కంటే ఇదే నన్ను తొందరగా మోకరింపజేస్తుంది అంకుల్" అంది ఆంటీ. ఆయన కూడా నవ్వేశాడు.

నేను బడి ముఖం చూడలేదు. చిన్నప్పుడు ఉబ్బసం ఉండడంతో అమ్మే నన్ను ఇంట్లో కూర్చోబెట్టి లెక్కలు, తెలుగు, బైబిలు అన్నీ నేర్పి, పరీక్షలు ప్రైవేటుగా రాయించింది. ఆ రుణం తీరేది కాదు. కానీ ఉబ్బసం తగ్గాక కూడా అమ్మ చెయ్యి నా మణికట్టును వదల్లేదు. రోడ్డు దాటినా, మెట్రో ఎక్కినా పట్టుకునే ఉండేది. ఘాజియాబాద్‌లో చిన్నపిల్లల బడిలో వచ్చే ఏడాదికి నాకు టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు, "అంతదూరం ఒక్కదానివే? వద్దులే అమ్మడూ" అని తేల్చేసింది. నేను ఎదురు చెప్పలేదు. మేడమీదికి వెళ్ళి ఏడ్చాను.

అది ఆంటీ చూసింది. కిందికొచ్చి, "అక్కా, దీన్ని నా బండెక్కించు. దాని భయం పోతే నీ భయమూ పోతుంది" అంది. అమ్మ ఏడ్చి ఉబ్బిన నా కళ్ళకేసి చూసి, "సరే. కానీ ఏదైనా జరిగిందో, ఉద్యోగం మాట మళ్ళీ ఎత్తకూడదు" అంది.

మొదటిసారి తెల్లవారుజామున ఎక్స్‌ప్రెస్‌వే మీదికి వెళ్ళాం. ఆంటీ యాక్సిలరేటర్ తిప్పగానే నా కడుపు వెనకే ఉండిపోయి నేను ముందుకు వెళ్ళిపోయినట్టనిపించింది. ఇంజను గొంతు గుర్రుమంటూ మొదలై, పైపైకి వెళ్ళేకొద్దీ సన్నబడి, పాటలో పైస్థాయి అందుకున్నట్టు ఒక్కసారిగా తేటపడింది. గాలి ఛాతీని తోస్తోంది. ఊపిరి కోసం అన్నేళ్ళు పెనుగులాడిన నాకు ఇంత గాలి వచ్చి పడుతుంటే కళ్ళు చెమర్చాయి. స్తోత్రం, స్తోత్రం అనుకుంటూ కూర్చున్నాను.

మలుపు రాగానే బండి ఒరిగింది. నేను బెదిరి రెండోవైపు వంగాను. ఆంటీ పక్కకు తీసి ఆపింది.

"పడిపోతామనుకున్నావా?"

"అవునాంటీ."

"నేనటు, నువ్విటు వంగితే నిజంగానే పడతాం. నా భుజం మీదుగా మలుపులోకి చూడు. నాతోపాటు రా, చాలు."

తరువాతి మలుపులో కళ్ళు తెరుచుకునే వంగాను. నేల దగ్గరికొచ్చింది, పడలేదు. ఒరిగితేనే నిలబడే వస్తువు ఒకటుందని ఆ రోజే తెలిసింది.

ఆ తరువాత ఆదివారాలన్నీ పాఠాలే. ముందు అద్దెకు తెచ్చిన చిన్నబండి, లైసెన్సు వచ్చాక ఎర్రబండి. నేను హ్యాండిల్‌ను పిసికేసేదాన్ని. "అది కోడిమెడ కాదే తల్లీ. ట్యాంకును మోకాళ్ళతో పట్టుకో. చేతులు ఊరికే ఆన్చు" అనేది. భయమేస్తే చేతులే ముందు బిగుసుకుంటాయి. వాటిని వదులు చెయ్యడమే నాకు అన్నిటికంటే కష్టమైన పాఠం.

ఒక ఉదయం నేను నడుపుతున్నాను, ఆంటీ వెనక కూర్చుంది. లారీని దాటుతుండగా దాని గాలి విసిరికొట్టింది. అదే క్షణంలో వంతెన అతుకు మీదికెక్కాం. హ్యాండిల్ అటూ ఇటూ గిలగిల కొట్టుకుంది. వెనక నుంచి ఒక్కమాట లేదు. దేవుడా అనుకుని మోకాళ్ళు బిగించి, వేళ్ళు వదులు చేశాను. బండి తనంతట తానే సర్దుకుంది. కొంతదూరం పోయి బండి పక్కకు ఆపాను.

"మీరేం చెప్పలేదేంటి ఆంటీ?"

"వెనక నుంచి నేనరిస్తే నువ్వు ఇంకా బిగుసుకుపోయేదానివి. నేనూ ప్రార్థన చేసుకుంటున్నాలే" అని నీళ్ళసీసా ఇచ్చింది. తాగాక, "ఇంటికెళ్ళి మీ అమ్మకి చెప్పు" అంది.

"చెబితే ఉద్యోగం పోతుందాంటీ."

"దాచిపెట్టి వెళ్తే అమ్మ నిన్ను పంపినట్టు కాదు కదే."

వంటింట్లో అమ్మ పక్కన నిలబడి అంతా చెప్పాను. చెబుతుండగానే అమ్మ చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది, నొప్పి పుట్టేంత గట్టిగా.

"అప్పుడేం చేశావ్?"

"చేతులు వదులు చేశానమ్మా. బండి దానంతటదే నిలబడింది."

కూర మాడువాసన వస్తున్నా అమ్మ కదల్లేదు. తన చేతికేసి, నా మణికట్టుకేసి చూసింది. మెల్లగా వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. స్టవ్ ఆపి, అటు తిరిగే అడిగింది: "బడికి పొద్దున ఎన్నింటికి వెళ్ళాలి?"

ఇప్పుడు ఆంటీ తెనాలిలో ఉంది. మణికట్లు అరిగి క్లచ్ పట్టలేక ఎర్రబండి అమ్మేసింది. ఫోన్‌లో అయ్యో అంటే, "చేతులు వదులు చెయ్యమని నీకు చెప్పిన పాఠం దేవుడు ఇప్పుడు నన్నే అప్పజెప్పమంటున్నాడే" అని నవ్వింది. నేను ఇంకా ఆ బడికే వెళ్తున్నాను. మొదటిరోజు వచ్చిన పిల్లలు గుమ్మం దగ్గర ఏడుస్తూ నా వేళ్ళు పట్టుకుంటారు. వాళ్ళ ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంటాను. చెయ్యి మాత్రం వదులుగానే ఉంచుతాను.