తూకం తగ్గిన పట్టు

ధర్మవరంలో మా వీధిలో ఎవరింట్లో కొత్త మగ్గం పెట్టినా, దాని మీద మొదటి చీర కోయడానికి మా నాయననే పిలిచేవాళ్ళు. చీర ఎవరైనా నేస్తారు గానీ, దాన్ని మగ్గం నుంచి కోసి వేరు చేసే చెయ్యి మంచిదై ఉండాలని మావాళ్ళ పట్టింపు. నాయన చెయ్యి మంచిదని పేరు. పిలుపు రాగానే ఆయన కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఉతికిన పంచె కట్టుకుని బయల్దేరేవాడు. "పోయేది పక్కింటికి. ముస్తాబు చూస్తే పెండ్లికొడుకు మాదిరి ఉండాది" అని అమ్మ ఎగతాళి చేసేది. వాళ్ళు టెంకాయ కొట్టి, పసుపు రాసిన కత్తెర చేతికిస్తే, కాసేపు కళ్ళు మూసుకుని మొక్కుకుని, తర్వాత కోసేవాడు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో బెల్లం ముక్క ఉండేది. నాకు పెళ్ళీడు వచ్చాక కూడా ఆ బెల్లం నాకే ఇచ్చేవాడు.

నాయన మా వీధి నేతగాళ్ళ సొసైటీకి ప్రెసిడెంటు కూడా. వద్దు వద్దంటున్నా అందరూ చేతులెత్తి ఎన్నుకున్నారు. హిందూపురం నుంచి పట్టు తెప్పించి సభ్యులకు పంచడం ఆ పదవిలో ముఖ్యమైన పని. ప్రెసిడెంటయ్యాక ఆయన మగ్గం సగం రోజు ఊరికే ఉండేది. రేషన్ కార్డు రాలేదని ఒకరు, కొడుకును హాస్టల్లో చేర్పించమని ఒకరు, పొద్దున్నే మా అరుగు మీద కూర్చునేవాళ్ళు. వాళ్ళకు టీలు కాచలేక నా ప్రాణం విసిగిపోయేది.

డెబ్బైలు ముగిసిపోతున్నాయి. ఆ ఎండాకాలం ధర్మవరం నిప్పుల కుంపటిలా ఉంది. ఎవరో పైకి ఆకాశరామన్న ఉత్తరం రాశారట, సొసైటీ తనిఖీకి ఒక ఇన్స్‌పెక్టరు వచ్చాడు. వానాకాలంలో కొని పెట్టెలో దాచిన పట్టును తూకం వేయించాడు. కొన్నప్పటి తూకం కంటే తగ్గింది. "గాలికి ఆరింది సార్. పట్టు ఎండకు తూకం తగ్గుతాది" అన్నాడు నాయన. ఇన్స్‌పెక్టరు ఎక్కడో కోస్తా వైపు వాడు. నవ్వి, పట్టును గుడ్డలో మూట కట్టించి, లక్కతో సీలు వేసి పట్టుకుపోయాడు. కేసు పెనుకొండ కోర్టుకు చేరింది. రెండు రోజులకు ఒక పేపర్లో 'పట్టు స్వాహా' అని పడింది. కనీసం 'ఆరోపణ' అన్న మాటైనా లేదు. తినేసినట్టే రాసి పారేశారు.

ఇన్స్‌పెక్టరుకు తెలియకపోతే తెలియలేదు. పేపరువాడికీ తెలియదు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది మా వీధి వాళ్ళను తలుచుకుంటేనే. పట్టు చెమ్మకు బరువెక్కుతుందని, ఎండకు తేలికవుతుందని మా వీధిలో పాలు తాగే పిల్లను అడిగినా చెబుతుంది. సొసైటీ పట్టు చాలక అందరూ షావుకార్ల దగ్గర కూడా నేసేవాళ్ళు. షావుకారు పట్టు తూచి ఇస్తాడు, చీర తూచి తీసుకుంటాడు. ఎండాకాలం వస్తే ప్రతి చీరకూ ఇదే గొడవ. మీరు దొంగిలించారని ఆయన, గాలికి ఆరిందని వీళ్ళు.

ఇన్స్‌పెక్టరు వచ్చిపోయిన వారంలోనే మా చీర ఇవ్వడానికి షావుకారు దగ్గరికి వెళ్ళాను. నాకంటే ముందు పక్కింటి మామ నిలబడి ఉన్నాడు. ఆయన చీర తూకం తగ్గింది. "గాలికి ఆరింది సామీ! నా బిడ్డల మీద ఒట్టు, ఒక పోగు కూడా నేను తీయలే" అని రెండు చేతులూ జోడించాడు. షావుకారు కాసేపు గొణిగి, "సరేలేప్పా, ఎండాకాలం కదా" అని చీర తీసుకున్నాడు.

ఆ సాయంత్రం పాలకు పోతుంటే టీ అంగడి బెంచీ మీద అదే మామ కనిపించాడు. నన్ను చూడలేదు. "ఏమప్పా, మీ పక్కింటాయప్ప నిజంగా అమ్ముకున్యాడంటావా?" అని ఎవరో అడిగారు. మామ టీ ఊదుకుంటూ, "ఏమో అబ్బా, ఏమీ లేకుంటే ఊరికే సీలు వేసుకుని పోతారా?" అన్నాడు. పొద్దున జోడించిన చేతులే అవి. నేను చెంబుతో అక్కడే నిలబడిపోయాను. ఏడుపొచ్చింది.

నాయన తనంతట తానే ప్రెసిడెంటు పని వదిలేశాడు. మా అరుగు ఖాళీ అయింది. ఎవరూ తిట్టలేదు, ఎవరూ గొడవకు రాలేదు. ఎదురుపడితే మాత్రం మొహం చాటేసేవాళ్ళు. కొన్నాళ్ళకు పక్కింటి మామ కొడుక్కి కొత్త మగ్గం పెట్టారు. మొదటి చీర ముగిసే రోజు నాయన పొద్దున్నే చేతులు కడుక్కుని, ఉతికిన పంచె కట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఆ రోజు అమ్మ ఎగతాళి చేయలేదు. పక్కింట్లో మగ్గం చప్పుడు ఆగింది. టెంకాయ కొట్టిన చప్పుడు మా ఇంట్లోకి వినబడింది. కోయడానికి వేరే వీధి నుంచి ఒక పెద్దాయన్ను పిలిచారట. తర్వాత ఒక పిల్ల పళ్ళెంలో బెల్లం తెచ్చి ఇచ్చింది. నాయన ఆ బెల్లం ముక్కను నోట్లో వేసుకుని, "బాగుండాది" అన్నాడు. లోపలికి పోయి పంచె మార్చుకున్నాడు.

వాయిదాలకు నాయనతో పెనుకొండకు నేనే పోయేదాన్ని. ప్యాసింజరు బండిలో అన్నం క్యారియరు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. కోర్టులో పేరు పిలిస్తే నాయన బోనులోకి పోయి చేతులు కట్టుకుని, తల కొంచెం వంచి నిలబడేవాడు. మళ్ళీ వాయిదా అనగానే జడ్జికి దండం పెట్టి దిగేవాడు. పట్టు ఆరితే తూకం తగ్గుతుందని ఒక్క నేతగాడు వచ్చి సాక్ష్యం చెబితే చాలని లాయరు అన్నాడు. అమ్మ ఇల్లిల్లూ తిరిగింది. అందరిదీ ఒకటే మాట, కోర్టు గొడవ మాకెందుకక్కా అని. పక్కింటి మామ మాత్రం, "బావ అంటే నాకు ప్రాణం కాదా, అయినా ఎవరి మనసులో ఏముండాదో మనకెట్లా తెలుస్తాది" అన్నాడట.

మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. కోర్టులో సామాన్లుంచే గది గోడలు చెమ్మెక్కాయి. లాయరు అడిగితే జడ్జి సరేనని, మూటను అందరి ముందూ తూకం వేయించాడు. సీలు చెక్కుచెదరలేదు. ఇన్స్‌పెక్టరు రాసిన తూకం కంటే పట్టు బరువు పెరిగింది. జడ్జి కళ్ళద్దాలు తీసి ఆ మూట వంకే కాసేపు చూశాడు. తర్వాతి వాయిదాకు కేసు కొట్టేశాడు.

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. నాయన బండిలో కిటికీ పక్కన కూర్చున్నాడు. ధర్మవరం దగ్గర పడ్డాక, "మనోళ్ళు ఒక్కరూ వచ్చి చెప్పలే గదా బిడ్డా. వాన వచ్చి చెప్పాల్సి వచ్చింది" అన్నాడు. ఆ మాటకు నా సంతోషం నీరుగారిపోయింది.

కేసు కొట్టేశారని ఏ పేపరూ రాయలేదు. వీధిలో మాత్రం, మంచి లాయరు దొరికినాడు, తప్పించుకున్యాడు అని చెవులు కొరుక్కున్నారు. తర్వాత కూడా కొత్త మగ్గాలు పెడుతూనే ఉన్నారు. నాయనకు పిలుపు రాలేదు.

ఎనభైల మొదట్లో నన్ను హిందూపురం ఇచ్చారు. మా ఆయన కొత్త మగ్గం పెట్టాడు. దాని మీద మొదటి చీర నేనే నేశాను. కోయడానికి నాయనే రావాలని పంతం పట్టి పిలిపించాను. హిందూపురంలో ఈ కథ ఎవరికీ తెలియదు. నాయన వచ్చాడు. ఉతికిన పంచె కట్టుకున్నాడు, చేతులు కూడా కడుక్కున్నాడు. టెంకాయ కొట్టి పసుపు రాసిన కత్తెర ఇచ్చాను. తీసుకుని చీర వంక చూశాడు. కళ్ళు మూసుకుంటాడనుకున్నాను. కత్తెరను మా అత్త చేతిలో పెట్టి, "నువ్వు కొయ్యి చెల్లెమ్మా" అన్నాడు.

"అదేంది నాయనా! జడ్జే చెప్పినాడు గదా నీ తప్పేం లేదని" అని అరిచాను.

"జడ్జి చెప్పినాడు బిడ్డా, కాదనడంలే. మన వీధి ఇంకా చెప్పలే గదా. కొత్త మగ్గం, నా చెయ్యి ఎందుకులే."

అత్తకు ఏమీ అర్థం కాలేదు. పెద్దాయన మాట కాదనలేక చీర కోసింది. నాయన పెనుకొండ కోర్టులో నిలబడినట్టే, గోడ పక్కన చేతులు కట్టుకుని, తల కొంచెం వంచి నిలబడ్డాడు.