కింగ్స్ గాంబిట్ నేర్పిన బావ

దర్జీకి చదరంగం నేర్పింది బావ. స్టేషన్లో టికెట్లిచ్చే గుమాస్తా ఆయన. అక్క పెళ్ళయిన కొత్తల్లో, డ్యూటీ దిగగానే దర్జీ కొట్టుకు వచ్చి, మిషను బల్ల మీది గుడ్డముక్కలు పక్కకు నెట్టి కింగ్స్ గాంబిట్ అనే ఎత్తుగడ చూపించాడు. రాజు ముందరి బంటును రెండు గళ్ళు నడపడం, మరుసటి ఎత్తుకే పక్క బంటును ఎదుటివాడి నోటికి అందించడం.

"పిసరంత గుడ్డ వదలాలన్నా నీకు ప్రాణం పోతుంది, బంటునెలా వదుల్తావురా" అని నవ్వేవాడు.

పాతకాలపు దూకుడు ఆట అది. బావ మాత్రం దాంతోనే క్లబ్బు పోటీలు గెలిచేవాడు. తరువాత మతిమరుపు పట్టుకుంది. ముందు తాళాలు, తరువాత వీధులు, ఆపైన మనుషులు. చదరంగం ఒక్కటే మిగిలింది. ఆ ఏడూ పోటీకి వెళ్తానని మొండికేశాడు. దర్జీ కూడా అదే క్లబ్బులో ఆడేవాడు; జోడీలకు చీటీ తీస్తే అతనికే ఎదురుపడ్డాడు. అక్క కొట్టుకు వచ్చి, ఈ ఒక్కసారికి ఓడిపోరా తమ్ముడూ అని అడిగింది. దర్జీ సరేనన్నాడు.

బావవి తెల్లపావులు. బంటును అందించాడు, దర్జీ తీసుకున్నాడు. గుర్రం ఉరికింది, వెనకే శకటు. బావ చెయ్యి వణకలేదు. చుట్టూ జనం మూగారు. అంత ఆట ఎదుట కావాలని తప్పటెత్తు వేయడానికి దర్జీకి మనసొప్పలేదు. ఒళ్ళు దాచుకోకుండా ఆడాడు.

ఉన్నట్టుండి బావ చెయ్యి గాల్లో ఆగిపోయింది. మంత్రిని ఎందుకెత్తాడో మరిచిపోయి, నల్లబంటు వాత పడే గడిలో పెట్టేశాడు. మంత్రిని వదిలేస్తే, దర్జీ జాలిపడ్డాడని చూసేవాళ్ళందరికీ తెలిసిపోతుంది. కొట్టాడు. కాసేపటికి బావ ఆట కట్టింది.

బావ లేచి మర్యాదగా చెయ్యి కలిపాడు. "బాగా ఆడారండీ. ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

దర్జీ పావులు పెట్టెలో సర్దుతూ అన్నాడు, "మా బావ దగ్గర."

"అదృష్టవంతులు. ఆయన్నోసారి తీసుకురండి, నాతో ఆడతారు."

క్లబ్బు గుమ్మంలో నిలబడ్డ అక్క అంతా వింది. తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనలేదు. భర్త చొక్కా గుండీ సరిచేసి, చెయ్యి పట్టుకుని మెట్లు దించింది. తిట్టినా బాగుండేదనుకున్నాడు దర్జీ.

బావ ఆ చలికాలం దాటలేదు. అక్కాతమ్ముళ్ళ రాకపోకలు ఆగలేదు గానీ, ఆ ఇంట చదరంగం మాట మళ్ళీ రాలేదు. దర్జీ క్లబ్బు వైపు వెళ్ళడం మానేశాడు. ఎందుకని ఎవరైనా అడిగితే, పని ఎక్కువైందనేవాడు.