వెంకటనర్సు పేజీకి ఏడు రోజులు

దేవరకొండలో ఒక జూనియర్ కాలేజీ ఆఫీసులో మల్లికార్జున్ క్లర్కు. పొద్దంతా పిల్లల సర్టిఫికెట్లు ముందేసుకుని ఇంటిపేరు, పుట్టినతేదీ సరిపోయాయో లేదో చూస్తాడు. సరిపోకపోతే తిప్పి పంపుతాడు. సాయంత్రం ఇంటికొచ్చి, చాయ్ తాగి, ల్యాప్‌టాప్ తెరిచి మళ్లీ అదే పని చేస్తాడు. కాకపోతే ఇక్కడ తిప్పి పంపేది రచయితలను.

తెలుగులో ఒక ఆన్‌లైన్ విజ్ఞానసర్వస్వం ఉంది. ఎవరైనా రాయొచ్చు, ఎవరికీ జీతం లేదు. పదకొండేళ్లు అందులో రాస్తూ రాస్తూ మల్లికార్జున్ నిర్వాహకుడయ్యాడు. అంటే, పేజీ తీసేసే అధికారం అతని చేతికొచ్చింది. నిర్వాహకులంతా పని పంచుకున్న రోజు సినిమావాళ్లను ఒకరు, నాయకులను ఇద్దరు తీసుకున్నారు. ఎవరూ అడగని జానపద నవలాకారులు మల్లికార్జున్ వంతుకు వచ్చారు. జానపద నవల అంటే తెలిసిందే: రాకుమారుడు, మాంత్రికుడు, మాట్లాడే పుర్రె, మాయమయ్యే కోట. ఒకప్పుడు బస్టాండు పక్క దుకాణాల్లో కిరాయికి ఇచ్చేవారు.

ఆ రాసినవాళ్లలో ఎవరికి పేజీ ఉండాలన్నదానికి నియమం ఒక్కటే. ఆ మనిషి గురించి, ఆ మనిషితో సంబంధం లేనివాళ్లు కనీసం రెండుచోట్ల రాసి ఉండాలి. సొంత మాట చెల్లదు. చుట్టాల మాట చెల్లదు. పుస్తకం వెనక అట్ట మీది పొగడ్త అసలే చెల్లదు. న్యాయంగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ నవలలను ఊళ్లకు ఊళ్లు చదివాయి గానీ వాటి గురించి రాసిన పాపాన ఎవరూ పోలేదు. దాంతో ముప్పై ఎనిమిది నవలలు రాసినాయన పేజీ పోయింది. ఒక్క పుస్తకం అచ్చేయించుకుని, పద్నాలుగు శాలువాలు కప్పించుకుని, పద్నాలుగు సార్లూ పేపర్లో వేయించుకున్నాయనది నిలిచింది. ఇట్లా నలభై ఒక్కమందిని మల్లికార్జున్ తన చేత్తో తీసేశాడు.

అతని తల్లి గుర్వమ్మ గొర్లమందల వెంట తిరిగిన మనిషి. చదువు రాదు. కొడుకు ల్యాప్‌టాప్ ముందు కూర్చోగానే అడుగుతుంది.

"ఇయ్యాల ఎవర్ని తీసేస్తున్నవ్‌రా?"

"చూస్తున్ననమ్మా. ఆధారాలు లేనోళ్లను."

"బుక్కులు రాసిండ్రంటివి గద."

"రాసిండ్రు."

"మరి గవే ఆధారం."

"గవి చెల్లయమ్మా."

"నీకు నచ్చేటట్టు ఎట్ల సావాల్నో గాల్లు," అని గుర్వమ్మ మేకలకు ఆకేయడానికి పోయేది.

రెండువేల ఇరవైరెండు వానాకాలంలో, ఉష అనే ఆమె వెంకటనర్సు పేరుతో ఒక పేజీ పెట్టింది. చండూరు దగ్గరి చేనేత కార్మికుడనీ, 'ఉప్పుకోట మాంత్రికుడు' మొదలైన నవలలు రాసిన ప్రసిద్ధ జానపద రచయిత అనీ అందులో ఉంది. 'ప్రసిద్ధ' అన్న మాటను మల్లికార్జున్ ముందుగా కొట్టేశాడు. అది అలవాటు. తర్వాత ఆధారాల కోసం కిందికి పోయాడు. రెండున్నాయి. ఒక జానపద నవలాకారుడికి రెండు ఆధారాలు ఉండడం అతను చూడ్డం అదే మొదలు.

రెండూ 2016 జూన్ నాటి పేపర్ కత్తిరింపులు. రాష్ట్ర ఆవిర్భావ దినోత్సవం నాడు జానపద కళాకారులకు సన్మానం జరిగిందన్న వార్త. ఫొటోలో బక్కపలచని ముసలాయన, మెడలో శాలువా, చేతిలో డప్పు. కింద ఇట్లా ఉంది: 'యాభై ఏళ్లుగా డప్పు దరువుతో పల్లెలను ఉర్రూతలూగించిన వెంకటనర్సు.' నవల అన్న మాట రెండు పేపర్లలోనూ లేదు.

మల్లికార్జున్ పేజీ నెత్తిన తొలగింపు నోటీసు పెట్టాడు. ఏడు రోజుల గడువు. 'ఆధారాల్లో ఉన్నది డప్పు కళాకారుడు, వ్యాసంలో ఉన్నది నవలా రచయిత, ఇద్దరూ ఒకరేనా?' అని చర్చలో అడిగాడు.

'ఒకరే సార్. మా నాయిన. వచ్చి చూడుండ్రి,' అని ఉష జవాబు రాసింది.

'చూస్తే చెల్లదు,' అని మల్లికార్జున్ రాశాడు. నిర్వాహకుడు కళ్లతో చూసింది ఆధారం కాదు, అచ్చులో ఉన్నదే ఆధారం. అది అతనికి బాగా తెలుసు. తెలిసే ఆదివారం చండూరు బస్సెక్కాడు. చూసింది రాసుకోవడానికి వీల్లేదు కాబట్టి నోటుబుక్కు ఇంట్లోనే పెట్టిపోయాడు.

వెంకటనర్సు మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేస్తున్నాడు. పక్కన అతని భార్య మల్లమ్మ రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది. ఉష కుర్చీ వేసింది.

"నన్ను తీసేసేటోనివి నువ్వేనా బిడ్డా?" అన్నాడు వెంకటనర్సు, పోగుల మధ్య అటూ ఇటూ ఉరికే నాడె ఆపకుండానే.

"ఇంక తియ్యలే పెద్దయ్యా. ఇయ్యాల మూడో రోజు."

"అయితే కూసో. టైమున్నది."

మల్లికార్జున్ కూర్చున్నాడు. "డప్పు మీదేనా?"

"మా ఊరి నర్సింహది. ఆఫీసు నుంచి ఒక సారొచ్చి, నువ్వేం చేస్తవని అడిగిండు. జానపదం రాస్త అన్న. రాస్త అన్నది ఇన్నడో లేదో, జానపదం అని రాసుకపోయిండు. జూన్ రెండు నాడు రమ్మన్నరు, పోయిన. జానపదపోల్లంత ఒక దిక్కు నిలబడుండ్రి అన్నరు, నిలబడ్డ. ఫొటోలు దీసేటాయన, నీ చేతుల ఏం లేదేంది తాతా అన్నడు. నర్సింహ పక్కకే ఉండె. జర పట్టు మామా అని తన డప్పు నాకిచ్చిండు."

"నేను నవలలు రాస్తనని చెప్పకపోతిరి?"

"అప్పటికే శాలువ కప్పిండ్రు."

"కప్పి, కొట్టమన్నరు," అంది మల్లమ్మ. "కొట్టిండు కూడ."

"ఎట్ల కొట్టిండు?"

"మగ్గం కొట్టినట్టు కొట్టిండు."

"మరి నర్సింహ?"

"గాయన చేతుల డప్పు లేదు గద," అన్నాడు వెంకటనర్సు. "నా ఎంట వచ్చిన చుట్టం అనుకున్నరు. పేపర్ల ఎయ్యలే."

మల్లికార్జున్ కాలేజీ కిటికీ దగ్గర పిల్లలకు చెప్పినట్టే చెప్పాడు.

"పెద్దయ్యా, రెండు పేపర్లు రాసినయి కాబట్టి, డప్పు కళాకారునిగ మీకు పేజీ ఉండొచ్చు. నియమం ఒప్పుకుంటది. నవలల ముచ్చట తీసెయ్యాలె."

"అంటే సార్, చెయ్యని పనికి ఉంచుతరు, చేసిన పనికి తీసేస్తరు," అంది ఉష.

"నియమం గట్లున్నది."

"ఎవరు పెట్టిండ్రు నియమం?"

"అందరం కలిసి."

"అందర్ల మా నాయిన లేడు గద."

ఉష లోపలికి పోయి ఒక గోనెసంచి తెచ్చి అతని ముందు గుమ్మరించింది. కిరాయి దుకాణాలు మూతపడ్డప్పుడు ఆమె ఏరుకొచ్చిన తండ్రి నవలలు. రాసినాయన దగ్గర ఒక్కటీ మిగల్లేదట. మల్లికార్జున్ ఒకటి తెరిచాడు. ఒక పుట సగానికి చిరిగి ఉంది. పక్కన ఎవరో పెన్సిల్‌తో రాశారు: 'చినిగిన కాడ రాకుమారి తప్పించుకుంటది. ఫికర్ చెయ్యకు. ముందుకు పో.'

"గిది ఆధారమా సార్?" అంది ఉష.

"పేరు లేని మనిషి రాసింది. చెల్లదమ్మా," అన్నాడు. కానీ ఆ పుస్తకం వెంటనే మూయలేదు.

వెంకటనర్సు నాడె ఆపాడు. "డప్పు పేజీ మాత్రం వద్దు బిడ్డా. రోజు నర్సింహ ఇంటి ముంగట్నుంచే చాయ్‌కు పోత నేను. పెడితే గాయనకు పెట్టు. నేను ఉంటే రాసినోన్నిగనే ఉంట. లేకుంటే లేదు."

తిరిగి వచ్చే బస్సులో మల్లికార్జున్ ఒళ్లో ఐదు నవలలున్నాయి. అడిగి తెచ్చుకున్నాడు. ఒకదాని మొదటి పుటలో ఒక శాఖా గ్రంథాలయం ముద్ర, దాని కింద చేతిరాతతో రిజిస్టరు నంబరు ఉన్నాయి. దేవరకొండ వచ్చేదాకా ఆ ముద్రనే చూస్తూ కూర్చున్నాడు. మనిషికి పేజీ కావాలంటే రెండు ఆధారాలు. జాబితాలో ఒక వరుస కావాలంటే పుస్తకం ఉందన్న రుజువు చాలు, గ్రంథాలయం రిజిస్టర్లో నంబరున్నా సరిపోతుంది. ఆ నియమం కూడా పదకొండేళ్లుగా అక్కడే ఉంది. నలభై ఒక్కసార్లు దాని పక్కనుంచే పోయాడు.

ఏడో రోజు వెంకటనర్సు పేజీ తీసేశాడు. కారణం గడిలో 'నవలా రచయితగా ఆధారాలు లేవు. ఆధారాల్లో ఉన్న డప్పు ఆయనది కాదు' అని రాశాడు. నర్సింహకు పేజీ పెడదామని చూశాడు గానీ, పేపర్లలో అతని పేరే లేదు. ఆ తర్వాత 'జానపద నవలా రచయితల జాబితా' అని కొత్త పేజీ తెరిచాడు. గ్రంథాలయాలకు ఫోన్లు చేస్తూ, పాత రిజిస్టర్ల ఫొటోలు తెప్పించుకుంటూ, తాను తీసేసినవాళ్లను ఒక్కొక్కరినే వరుసలో కూర్చోబెట్టాడు. నాలుగు నెలలు పట్టింది.

పని అయ్యాక చండూరుకు ఫోన్ చేశాడు. ఉష స్పీకర్ పెట్టింది.

"మీ వరుస చదువుతున్న పెద్దయ్యా. వెంకటనర్సు. నవలలు ఇరవై ఆరు. మొదటిది పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిది."

"ఒక్క వరుసనేనా అన్నా?" అంది ఉష.

"ఒక్కటే అమ్మా."

అవతల మగ్గం చప్పుడు ఆగింది. "నా మీది వరుసల ఎవరున్నరు?" అన్నాడు వెంకటనర్సు.

"బీరన్న. అచ్చంపేట దిక్కు. పద్దెనిమిది నవలలు. మీకంటే ఏడాది ముందు మొదలుపెట్టిండు."

"బీరన్ననా? ఒక మాంత్రికున్ని సంపేతందుకు నలభై పేజీలు తీస్కుంటడు గాయన. పేరే సూసిన గని మనిషిని సూడలే. ఉన్నడా?"

"చనిపోయిన సంవత్సరం అన్న గడి ఖాళీగున్నది."

"ఖాళీగుంటే ఉన్నట్టేనా?"

"ఆధారం లేనట్టు."

"ఫోన్ నంబరున్నదా?"

"ఫోన్ నంబర్లు పెట్టం పెద్దయ్యా."

"ఊరు పెడ్తరా?"

"ఊరికి గడి ఉన్నది."

"అయితే సదువు."

మల్లికార్జున్ ఊరి పేరు చదివాడు. వెంకటనర్సు రాసుకొమ్మని కూతురికి చెప్పడం, బస్సు ఏ ఊరి మీదికెళ్లి పోతదని మల్లమ్మ అడగడం వినిపించాయి.

"దేవరకొండల మారాలె," అన్నాడు మల్లికార్జున్. "బయల్దేరినంక ఫోన్ చెయ్యుండ్రి. నేను బస్టాండుల ఉంట."