ఇటుకలన్న మూడో ఎన్నిక, నా నోటుబుక్కు లెక్క

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒకటుందని ఎవరైనా అంటే నమ్మేవాణ్ని కాదు. ఇరవై మూడేళ్ల వయసు, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కల మాస్టారి ఉద్యోగం, మేడమీద ఒక కిరాయి గది. (అందులో ఒక ఫ్యాను, దానికి తిరగాలనిపించినప్పుడే తిరిగేది.) మా ఇంటి ఓనరు నల్లగొండ పల్లెనుంచి వచ్చి ఇటుకల వ్యాపారం పెట్టుకున్నాయన. వీధంతా ఇటుకలన్న అనేది. మా వార్డు ఎన్నికల చరిత్ర ఎవరైనా రాస్తే ఓడినవాళ్ల అధ్యాయం మొత్తం ఆయనదే. మొదటిసారి నిచ్చెన గుర్తుతో నాలుగో స్థానం, రెండోసారి గొడుగు గుర్తుతో రెండో స్థానం. మూడోసారి కుట్టుమిషన్ గుర్తు వచ్చిననాడు మెట్లెక్కి వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు.

"ఇరవై ఏండ్లాయె సారూ ఈడికొచ్చి. ఇంకా నల్లగొండాయన అనే అంటరు. ఒక్కసారి కార్పొరేటర్‌నైతె ఈ ఊరోణ్నయిత. ఇదే ఆఖరని మీ వదినకు మాటిచ్చిన. ఓట్ల లెక్క నువ్వు జూడు" అన్నాడు.

లెక్క అనగానే నాకు పూనకం వచ్చింది. నోటుబుక్కు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. మొదటి గీత వదిన పేరు మీదే గీశాను. నల్లగొండవాళ్లు "మా ఓటు అన్నకే సారూ, ఇంకెవరికేస్తం" అన్నారు. మా కోస్తావాళ్లు "ఆయన మంచోడండీ, మా ఇంట్లో అయిదూ ఆయనకే" అని కాఫీ కూడా ఇచ్చారు. అన్న ఓటర్ల జాబితా కట్ట ఒకటి ఇచ్చాడు గాని, మనుషులు ఎదురుగా కనబడుతుంటే కాగితాలెందుకని విప్పలేదు. గెలుపు ఖాయమని చెబితే అన్న నా చేతులు పట్టుకున్నాడు. (లెక్క ఎక్కడ తప్పినా నాకు ఇప్పటికీ గుర్తుకొచ్చేది ఆ చేతులే.)

పోలింగ్ రోజు బూత్ బయట ఓటరు చీటీలు రాసిచ్చే బల్ల నాది. అప్పుడు విప్పాను కట్ట. మా వీధి చివరి ఇంటి డ్రైవరు కుటుంబంతో, ఇస్త్రీ చొక్కాతో మొదట వచ్చాడు. ఎంత వెతికినా పేర్లు లేవు.

"మరి ఓటు అన్నకే అన్నావు కదా?"

"ఉంటే అన్నకే సారూ. మా ఓట్లు ఊర్లె ఉన్నయి. ఈడ గూడ ఎక్కినయేమోనని వచ్చినం."

వెనకాల అయిదు ఓట్లాయన సౌమ్యంగా, "మావి తెనాలిలోనండీ. మీరు అడిగింది ఎవరికేస్తారని కదా" అన్నాడు. నిజమే, అదే అడిగాను. మధ్యాహ్నానికి నా నోటుబుక్కులో సగం వీధి గల్లంతయింది. చివరికి నా పేరు వెతుక్కున్నాను. అదీ లేదు. మా అమ్మ పక్కన, మా ఊరి జాబితాలో భద్రంగా ఉంది.

పందొమ్మిది ఓట్లతో ఓడాడు. ముఖం చూపించలేక గదిలో కూర్చుంటే తనే పైకొచ్చాడు.

"పరేషాన్ గాకు సారూ. మీ వదిన ఓటు గూడ ఊర్లనే ఉంది. మార్పియ్యమని రెండుసార్లు మొత్తుకున్న. అది గూడ తెచ్చుకుంటె ఇగ ఊర్ల మనకేముంటదంది. ఏం జెప్పాలె?" అని నవ్వాడు. నాకే ఏడుపొచ్చింది. ఆ వారమే వెళ్లి నా ఓటు అన్న వీధికి మార్పించుకున్నాను. ఆయన మళ్లీ నిలబడలేదు. ఇప్పుడు ఆయనా లేడు, ఆ ఇల్లూ లేదు.

నేను వనస్థలిపురం వచ్చి చాలా ఏళ్లయింది. మొన్న ప్రచారానికొచ్చిన అమ్మాయి, "అంకుల్, మీ ఇంట్ల ఓట్లెన్ని?" అని రాసుకోబోయింది. ముందు జాబితా చూసుకోమ్మా అన్నాను, అనుభవశాలిలా. ఫోనులో వెతికింది.

"మీది ఇంకా దిల్‌సుఖ్‌నగర్‌ల ఉందంకుల్. ఈడికి మార్పిద్దామా? నేను చేసిస్త."

ఫోను తీసుకుని చూశాను, ఇటుకలన్న వీధే.

"ఉండనీమ్మా" అన్నాను.