ఉప్పును మొయ్యని ఆవిరి

1978 ఆగస్టు 10, గురువారం. పొద్దున్నే రైలు కూత వినబడకపోవడం ఇవాళ్టి మొదటి వింత. కాసేపటికి స్టేషన్ పోర్టరు తడుస్తూ మా కొట్టుకి వచ్చి, స్టేషన్ ఫోనులో వచ్చిన రెండు కబుర్లు చెప్పాడు. అనంతగిరి దగ్గర కొండ జారి పట్టాలూ, ఘాట్ రోడ్డూ మూసుకుపోయాయి. సెలవు మీద సముద్రపొడ్డున తన ఊరికి వెళ్ళిన మా సైన్సు మాస్టారు నిన్న గుండెపోటుతో పోయారు. తమ్ముడు దూరం నుంచి రావాలి కనుక రేపు సాయంత్రం దాకా ఉంచుతారట.

ఆయన ఊళ్ళో బావులన్నీ ఉప్పునీళ్ళు. మంచినీళ్ళిచ్చే ఇల్లొకటి అక్కడ కట్టాలని ఆయన కోరిక. మందపాటి మట్టిగోడలు, పైన ఏటవాలు గాజుకప్పు, దాని కింద నల్లరంగు పళ్ళెంలో సముద్రపు నీరు. ఎండకి ఆవిరై గాజుకి పట్టిన నీరు జారి కుండలో పడుతుంది. పళ్ళెం నీడన కింద గది చల్లగా ఉంటుంది. "ఆవిరి ఉప్పును మొయ్యదమ్మా, వదిలేసి పోతుంది" అనేవారు. మొదటిసారి విన్నరోజు ఆ మాట నేను ఇంటికి వచ్చేదాకా నోట్లో తిప్పుకుంటూ నడిచాను.

ఉద్యోగం మాత్రం ఆయన్ని అరకు మంచులో కట్టిపడేసింది. ఏటా బదిలీ అడిగేవారు. రాలేదు. బడి వెనక కోళ్ళగూడంత నమూనా ఇల్లు కట్టి, మా కొట్లో ఉప్పు కొని, పక్కనే పారే గెడ్డ నీటిలో కలిపేవారు.

నాన్న ఊరుకుంటాడా? "మంచినీళ్ళలో ఉప్పేసి మళ్ళీ తీత్తారేటి మేస్టారూ? నా బేరం కోసవా?"

"మీరు సముద్రం కూడా అమ్మితే అదే కొందును కదండీ!"

ఒక సంతరోజు ఆయన పళ్ళెం కడగబోతుంటే, పసుపు అమ్ముకుని ఉప్పు కొనుక్కోవడానికి కొండ దిగివచ్చిన ఒక అవ్వ చెయ్యి పట్టుకుంది.

"పారబోత్తావేటి బాబూ? ఉప్పది! నాకియ్యి."

మాస్టారు గీకి, అడ్డాకులో కట్టి ఇచ్చారు. ఆమె వెళ్ళాక నాతో అన్నారు: "మా ఊళ్ళో ఎవరూ ఈ పళ్ళెం వైపు చూడరమ్మా. కుండే చూస్తారు."

ఇవాళ మధ్యాహ్నమంతా రోడ్డు దాకా వెళ్ళి వస్తూనే ఉన్నాను. నాలుగు వైపులా కొండలు, పైన మబ్బు. లోయ మూతపెట్టిన గిన్నెలా ఉంది.

"నాన్నా, రోడ్డు తీసే కూలీలతో నేనూ ఎల్తాను."

"ఆ బురదలో ఆడగుంటవి నువ్వేటి సేత్తావు?"

"మట్టి తీత్తాను. రేపు సాయంత్రం లోపు ఆయన్ని సూడాలి."

నాన్న వాన వైపు చూశాడు. లోపలికి వెళ్ళి రెండు పారలు తెచ్చి గుమ్మానికి ఆనించాడు.

"బేగి తొంగో. తెల్లారగానే కూలీల లారీ ఎక్కాలి. దారి తెరుచుకుంటే అట్నుంచటే దిగిపోదాం."