గుమ్మంలో ఇరుక్కున్న గడ్డిమోపు

నిన్న పొద్దున్న పాతపట్నం నుంచి మా అక్క ఫోన్. "శంకరం బావ పోయేడే..."

నమ్మలేదు. మొన్ననే కదా వీడియో కాల్‌లో నా పళ్ళ సెట్టు చూసి పడీ పడీ నవ్వేడు!

శంకరం బావ మా మేనత్త కొడుకు. మీలో చాలామందికి కాలేజీలో పాఠం చెప్పిన శంకరం మాస్టారు.

ఏడుపు కంటే నాకు సిగ్గే ఎక్కువగా ఉన్నాది. ఎందుకో చెప్తాను.

అరవైల చివర. బావ వాల్తేరులో ఎమ్మెస్సీ. నూర్పులకి ఇంటికొచ్చేడు. పెరడంతా జనం.

మావయ్య అడిగేడు. "ఒరే, అంత దూరం పోయి ఏటి సదువుతన్నావురా?"

"బ్యాక్టీరియా పంచదారని లోపలికి ఎలా తీసుకుంటాదో, అది నాన్నా."

"సీమలూ తీసుకుంటాయి. దానికి వాల్తేరు ఎందుకురా? సదువు మానీసి పొలం సూసుకో."

ఒకటే నవ్వులు.

బావకి రోషం వచ్చింది. పశువుల శాల ముందు నిలబడి, "ఈ శాల బ్యాక్టీరియా. నేను పంచదార" అన్నాడు. గుమ్మం దాటుతూనే ఒక గడ్డిమోపు నెత్తికెత్తుకున్నాడు.

"ఇది ఫాస్ఫేట్. పంచదార లోపలికి వచ్చేటప్పుడే బ్యాక్టీరియా దానికిది తగిలించేస్తాది. ఇంక బయటికి పోలేదు. సూడండి!"

బయటికి రాబోయేడు. మోపు గుమ్మానికి అడ్డం పడింది. మనిషి ఇరుక్కుపోయేడు. వెనక నుంచి గేదె ఆ గడ్డి లాక్కుని తినేస్తన్నాది.

"అదిగో, లోపల అలాగే తినేస్తాది!" అని అరుస్తన్నాడు.

బాబోయ్, నవ్వలేక చచ్చేం.

ఎవరూ ఆగలేదు. బావ మొహం చిన్నబోయింది. గడ్డిలోంచి నా వైపు చూసేడు. "ఒసే, నీకైనా అర్థమైందా?"

జాలేసింది. "అయింది బావా" అనేసేను.

ఏటీ అర్థం కాలేదు నాకు.

"మరదలికే అర్థమైంది, నేను పాఠం చెప్తే కాలేజీ పిల్లలకి అవదా?" అని మావయ్యతో దెబ్బలాడి మర్నాడే బస్సెక్కేడు. తర్వాత ప్రతి బ్యాచ్‌కీ చెప్పేవాడంట, నా ఫస్ట్ స్టూడెంట్ మా మరదలే అని.

నిన్న ఫోన్ రాగానే బావ ఇంటికి వెళ్ళేను. బావ మనవరాలు లావణ్య నా పక్కన కూర్చున్నాది. ఎచ్చెర్లలో మైక్రోబయాలజీ చదువుతన్నాది.

"మామ్మా, తాత పాఠం నీకు బాగా తెలుసు కదా. కార్యం అయ్యేక మీ ఇంటికి వస్తాను. తాత చెప్పినట్టే చెప్పు, రికార్డ్ చేసుకుంటాను" అన్నాది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి పాపం.

నేనేం చేసేను?

మళ్ళీ తలూపేను.

ఛీ! ఇంత వయసొచ్చి, ఆ మనిషి తల దగ్గరే కూర్చుని, మళ్ళీ అదే అబద్ధం. అందరి ముందూ కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఏడుస్తన్నాననుకున్నారు. నాకు తలెత్తాలంటే సిగ్గేసింది.

లావణ్యా, ఈ పోస్టు నువ్వు చూస్తావు.

నాకు తెలీదు తల్లీ. అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. కంటికే కనపడని దానికి గుమ్మమేటి, మోపు ఎత్తేది ఎవరు? గడ్డీ, గేదే తప్ప నాకేం గుర్తు లేదు.

నువ్వు తప్పకుండా రా. ఫోన్ పక్కన పెట్టీ. నువ్వే చెప్పు, నేను వింటాను. అర్థం కాకపోతే కాలేదనే అంటాను. ఎన్నిసార్లయినా చెప్పించుకుంటాను.

బావా, నీ ఫస్ట్ స్టూడెంట్ ఇప్పుడు క్లాసుకి వస్తన్నాది.

నువ్వింక నిమ్మళంగా పడుకో.